షెడ్డులో మిగిలినది ఎక్కడికి పోతున్నది?

(మన సంక్షేమ సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక క్షమాపణ. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకొనే పంతుళ్లము. మా తెలుగు కొంత పుస్తకాలలోది, కొంత పటమటలో టీ బంకుల దగ్గర నేర్చుకున్నది. రెండూ కలిసిపోయి ఎక్కడైనా ఎబ్బెట్టుగా వినపడితే నవ్వుకోండి, కాని విషయం మాత్రం వదలవద్దని మనవి.

కార్యదర్శిగారు మమ్మల్ని ఎప్పటివలెనే విద్య యొక్క ఆవశ్యకత మీద మాట్లాడమన్నారు. నాలుగేళ్లుగా అదే మాట్లాడుతున్నాము, మీరూ అంతే ఓపికగా వింటున్నారు. ఈసారి మేమే వేరే విషయం అడిగి తీసుకున్నాము. అది షెడ్డు. లారీ బాడీ కట్టే షెడ్డు, కారుకు సొట్టలు తీసే షెడ్డు, రంగు కొట్టే షెడ్డు. అక్కడ పని అయిపోయిన తరువాత మిగిలే నూనె, థిన్నరు, రంగు మడ్డి, దుమ్ము, పాత బ్యాటరీ, ఇవన్నీ ఎక్కడికి పోతున్నవి అన్నది ఈ రోజు మా ప్రశ్న.

మన సంఘం సభ్యత్వ పుస్తకం తిరగేసి చూడండి. వృత్తి అన్న గడిలో టింకరింగు, పెయింటింగు, వెల్డింగు, రేడియేటర్ పని, కమాను కట్టలు, సీటు కవర్లు, పాత ఇనుప సామాను. మధ్యలో మా వంటి గుమాస్తాలు, పంతుళ్లు ఉప్పులో పప్పుగింజల్లాగా కనపడతారు. ప్రతి సంవత్సరం సావనీరుకు ప్రకటనలు ఇచ్చేది ఈ షెడ్లే. పిల్లల ఫీజులకు చందా ఇచ్చేదీ ఈ షెడ్లే. మేము చదువుకున్నదీ షెడ్డు డబ్బుతోనే, ఆ సంగతి కాసేపట్లో చెబుతాము.

విజయవాడ ఆటోనగర్ అంటే ఎక్కడెక్కడి లారీ వాళ్లకూ తెలుసు. కంపెనీ నుండి ఇంజనూ ఛాసీ వస్తాయి. దాని మీద కర్ర, రేకు, రంగు, పూలబొమ్మలు, వెనుక "హారన్ కొట్టుము" అన్న అక్షరాలు అన్నీ మనవాళ్ల చేతుల మీదుగానే అవుతవి. పక్క రాష్ట్రాల బండ్లు కూడా ఇక్కడికి వచ్చి బాడీ కట్టించుకొని పోతవి. ఈ గొప్ప మనకు ఎవరో ఇచ్చినది కాదు, చేతిపనితో వచ్చినది.

ఇంకొక గొప్ప కూడా కలదు. ఈ రోజుల్లో పెద్ద పెద్ద సభల్లో రీసైక్లింగు, రీసైక్లింగు అంటున్నారు. ఆ మాట పుట్టకముందే మనవాళ్లు ఆ పని చేస్తున్నారు. పాత లారీ విప్పితే ఏ ముక్క పారవేస్తాము చెప్పండి? మంచి చెక్క ఇంకో బాడీకి పోతుంది, పగిలిన చెక్క పొయ్యిలోకి పోతుంది. రేకు కబాడీకి, రాగి తీగ వేరే, అల్యూమినియం వేరే, బోల్టులు కిరసనాయిల్లో నానబెట్టి మళ్లీ వాడుకోవడమే. టైరు పోతే చెప్పులకు, బావి తొట్టెలకు. ఇంత పొదుపుగా వాడే వాళ్లను మేము ఎక్కడా చూడలేదు.

అయితే ఒక లోపం ఉన్నది. ధర పలికే దానిని మాత్రమే మనము దాచిపెడుతున్నాము. ధర పలకని దానిని కాలువలో, గాలిలో, చివరకు మన ఊపిరితిత్తుల్లో పారవేస్తున్నాము.

మా అన్నగారు రంగు మేస్త్రీ. ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు, చెప్పము. ఆయనకు పదమూడేళ్లప్పుడు మా అబ్బాజాన్ మంచం పట్టారు. అన్నయ్య బడి మాని ఒక షెడ్డులో చేరి గరుకు కాగితం రుద్దే పనితో మొదలుపెట్టారు. మొదట లారీలకు ఎనామిల్ రంగు కొట్టేవారు. తరువాత కార్ల పని పెరిగేసరికి 2005 ప్రాంతంలో కార్ల షెడ్డుకు మారారు. అక్కడ రెండు డబ్బాల రంగు. ఒకదానిలో రంగు, రెండవదానిలో హార్డనర్. రెండూ కలిపి కొడితే అద్దం లాగా మెరుస్తుంది. ఆ మెరుపుతో మా బి.యస్సీ. అయ్యింది, బి.ఎడ్. అయ్యింది.

కొన్నాళ్లకు అన్నయ్యకు రాత్రిళ్లు దగ్గు మొదలైంది. పగలు షెడ్డులో బాగానే ఉండేవారు. రాత్రి పన్నెండు దాటితే లేచి కూర్చొని ఆయాసపడేవారు. అమ్మీ అల్లం టీ కాచి ఇచ్చేది. సిగరెట్లు తాగుతున్నాడేమోనని మేము అనుమానపడ్డాము, ఆ మాట మొహం మీదే అడిగాము కూడా. ఆయన ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకున్నారు. రంజాన్ పండుగకు నాలుగు రోజులు సెలవు వస్తే దగ్గు ఉండేది కాదు. పండుగ పూట అమ్మీ చేతి వంట తిని మనిషి తేరుకున్నాడని సంతోషించేవాళ్లము. మళ్లీ పనిలోకి పోగానే మళ్లీ అదే.

రెండు మూడు చోట్ల మందులు వాడిన తరువాత ఒక ఛాతీ వైద్యుడు ఒకే ఒక ప్రశ్న అడిగారు. "సెలవు రోజుల్లో ఎట్లా ఉంటుంది?" మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. అన్ని సంవత్సరాలు మా కళ్ల ముందు జరుగుతున్న లెక్క అది. లెక్కల పంతులమై ఉండీ మేము వేయలేకపోయాము.

ఆయన చెప్పినది ఇదీ. ఆ హార్డనర్లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. గన్నుతో కొట్టినప్పుడు సన్నని తుంపరై గాలిలో నిలుస్తుంది. కొందరి ఒంటికి అది పడకుండా పోతుంది. ఒకసారి పడకుండా పోయిందంటే తరువాత చాలా కొద్దిగా పీల్చినా ఉబ్బసం వస్తుంది. పని చేస్తున్నప్పుడు కాకుండా ఇంటికి వచ్చిన తరువాత గంటలు గడిచాక రావడమే దాని దొంగ లక్షణం. వాసన చూసి కనిపెడదామంటే వీలు కాదు. వాసన తెలిసేపాటికే గాలిలో అది ప్రమాదపు హద్దు దాటి ఉంటుంది. మనకు ముక్కుకు తగిలేది థిన్నరు వాసన మాత్రమే.

ఐసోసయనేట్ అన్న మాట వినగానే మీలో పెద్దవాళ్లకు భోపాల్ గుర్తుకు వచ్చి ఉంటుంది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి అక్కడ పురుగుమందుల ఫ్యాక్టరీ నుండి లీకైనది మిథైల్ ఐసోసయనేట్. మన రంగు డబ్బాలో ఉండేది ఆ వాయువు కాదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒకే కుటుంబంలోని వేరే బిడ్డ. ఇది ఒక్క రాత్రిలో చంపదు, పదేళ్లు తీసుకుంటుంది.

2014లో అన్నయ్య గన్ను కింద పెట్టేశారు. ఇప్పుడు విడిభాగాల కొట్టులో కౌంటరు దగ్గర కూర్చుంటున్నారు. మా ఇంటి మేడ మెట్లు పద్నాలుగు. ఏడవ మెట్టు మీద ఒకసారి ఆగుతారు. ఆగినట్టు కనపడకుండా ఉండటానికి ఫోను తీసి చూస్తున్నట్టు నటిస్తారు.

ఆయన ముక్కుకు ఏమీ కట్టుకోలేదా అంటారేమో. కట్టుకున్నారు, చేతిరుమాలు. మనవాళ్లందరూ కట్టుకునేది అదే. చేతిరుమాలు పుట్టీ దుమ్మును కొంత ఆపుతుందేమో గాని ఆవిరిని ఆపదు. సాయంత్రం బెల్లం ముక్క తింటే దుమ్మంతా కడుక్కొని పోతుందని ఇంకొక నమ్మకం. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండింటికీ దారిలో కలుసుకునే వీలు లేదు. రెండు డబ్బాల రంగు కొట్టే మనిషికి కావలసినది బయటి నుండి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు. కంప్రెసర్ గాలినే వాడేటట్లయితే దానిలో ఆయిల్ తుంపర, పొగ రాకుండా ఫిల్టర్లు తప్పనిసరి. కొట్టే చోటికి తక్కిన పనివాళ్లు, ముఖ్యంగా పిల్లలు రాకూడదు. మాస్కు మేస్త్రీకి పెట్టి పక్కన బకెట్ పట్టుకున్న కుర్రవాడిని వదిలేస్తే ప్రయోజనమేమిటి? పద్నాలుగేళ్ల లోపు పిల్లలను అసలు పనిలోనే పెట్టరాదని, పద్దెనిమిది లోపు వాళ్లను ప్రమాదకరమైన పనిలో పెట్టరాదని 2016లో సవరించిన చట్టం చెబుతున్నది. ఈ మాట మా పదవ తరగతి హాజరు పట్టీ చూసుకొని చెబుతున్నాము. ఎవరినీ వేలెత్తి చూపడం లేదు, మా అన్నగారూ అట్లా చేరినవారే.

ఆ హార్డనర్ డబ్బా గురించి ఇంకొక మాట. దానిలో నీళ్లు పడితే లోపల గ్యాసు పుడుతుంది. మిగిలినది గట్టిగా బిగించి మూల పెట్టినప్పుడు లోపల తడి ఉంటే డబ్బా ఉబ్బి పేలవచ్చు. ఉబ్బిన డబ్బా కనపడితే స్క్రూడ్రైవర్ పెట్టి పొడవవద్దు.

ఇక థిన్నరు. మేము సెలవుల్లో ఒక వారం రోజులు పరిచయం ఉన్న షెడ్డులో కూర్చొని, తొమ్మిదవ తరగతి పిల్లలకు కొలతల పాఠం కింద పనికి వస్తుందని ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాము. గన్ను కడగటానికి థిన్నరు పోసి, ట్రిగ్గరు నొక్కి, గాలిలోకి చిమ్మడం. రోజుకు ఆరేడుసార్లు. థిన్నరు డబ్బా మూత పొద్దున తీస్తే సాయంత్రం పెడుతున్నారు. మూత ఎక్కడున్నదో వెతకటానికే కొంతసేపు. ఆ వారం కొన్న ఇరవై లీటర్లలో రంగులో కలిసినది పదకొండు లీటర్లు. తక్కిన తొమ్మిది లీటర్లు గన్ను కడగటానికీ, చేతులు కడగటానికీ, ఊరికే ఆవిరైపోవడానికీ పోయింది. ఇది ఒక్క షెడ్డు లెక్క, అన్ని చోట్లా ఇంతే అని అనటం లేదు. మీ షెడ్డులో మీరు రాసుకొని చూడండి. యజమానికి ఈ కాగితం చూపిస్తే, "మాస్టర్ సాబ్, పొల్యూషన్ సంగతి తరువాత, ముందు ఇది నా జేబు సంగతి" అన్నారు. మాకు కావలసినదీ అదే.

చేయవలసినది చాలా చిన్న పని. గన్ను కడిగిన థిన్నరును గాలిలోకి కొట్టకుండా మూత ఉన్న డబ్బాలో పట్టండి. రెండు మూడు రోజులు కదిలించకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేటగా నిలుస్తుంది. ఆ తేటను వంచుకొని మరునాడు గన్ను మొదటిసారి కడగటానికి వాడుకోవచ్చు. ఆఖరి కడుగుడుకు మాత్రమే కొత్తది. అడుగున మిగిలిన మడ్డి మాత్రం కాలువలో పోయవద్దు, మట్టిలో పాతవద్దు, దానికి వేరే డబ్బా. థిన్నరుతో చేతులు కడిగే అలవాటు మానాలి. అది చర్మంలోని నూనెను లాగివేస్తుంది, చర్మం గుండా లోపలికీ పోతుంది. మా దగ్గర చదివి షెడ్డులో చేరిన ఒక కుర్రవాడు మొన్న సలాం చేయడానికి వచ్చాడు. చెయ్యి పట్టుకుంటే రాపిడి కాగితం పట్టుకున్నట్టు ఉన్నది. "సబ్బుతో పోదు సార్" అన్నాడు. కొంచెం వంటనూనె రాసి తుడిచి, తరువాత సబ్బు పెడితే చాలా రంగులు వదులుతవి. నాలుగు చుక్కల నూనెకు లోభించి చేతులు పాడు చేసుకోవద్దు.

రంగు విషయంలో గన్ను కూడా చూసుకోవాలి. మామూలు గన్నుతో కొట్టిన రంగులో సగానికి పైగా బండికి అంటుకోకుండా గాలిలో పోతుంది. తక్కువ ఒత్తిడి, ఎక్కువ గాలితో పని చేసే హెచ్.వి.ఎల్.పి. గన్నులు వచ్చినవి. వాటితో 65 శాతం వరకు బండికి అంటుతుంది, మంచి చెయ్యి అయితే ఇంకా ఎక్కువ. ధర ఎక్కువే, కంప్రెసర్ కూడా సరిపోవాలి. ఒక గన్ను ఎన్నాళ్లకు తన ఖర్చు తాను తెచ్చుకుంటుందో లెక్క కావలసినవారు ఆదివారం మా ఇంటికి రండి, కూర్చొని వేసి ఇస్తాము. హార్డనర్ కలపని ఎనామిల్ మిగిలితే పారవేయనక్కరలేదు. మిగిలిన రంగులన్నీ కలిపి ఛాసీకి, బాడీ అడుగుకు కొట్టడం మన మేస్త్రీలకు తెలిసిన పనే. ఒకటి జాగ్రత్త. ఎనామిల్ తుడిచిన గుడ్డలు కుప్పగా వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. నిప్పు ఎవరు పెట్టారని పక్క షెడ్డు వాళ్లతో తగాదా పడేకంటే, ఆ గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో వేసి కాసిన్ని నీళ్లు పోయడం మంచిది.

పాత ఇంజన్ ఆయిల్ దగ్గరకు వద్దాము. ఇక్కడ మేమూ దోషులమే. మా ఇల్లు కట్టించినప్పుడు ద్వారబంధాలకు చెద పట్టకుండా షెడ్డు నుండి ఒక క్యాను నల్ల ఆయిల్ తెచ్చి పూయించాము. మిగిలినది పెరటి గోడ వెంట పోయించాము. ఆ సంవత్సరం వర్షాలకు బోరు పక్కన నీళ్ల మీద ఇంద్రధనుస్సు రంగులు తేలినవి. మా చిన్నమ్మాయి సంబరంగా పిలిచి చూపించింది. మీలో చాలామంది ఇట్లాగే పూయించి ఉంటారు. సెంట్రింగు పలకలకు పూస్తారు, ఎండ కాలంలో దుమ్ము అణగాలని షెడ్డు ముందు చల్లుతారు. ఇటుక బట్టీకి పోసి కాలుస్తారు. ఆ ఆయిల్లో ఇంజన్ అరిగిన లోహం పొడి, కాలిన మసి, మందులు అన్నీ కలిసి ఉంటవి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వారు చెప్పే లెక్క ఒకటి కలదు. ఒక గ్యాలన్ పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదు. మన బెజవాడ చుట్టూ ఉన్నవి కాలువలే. ప్రకాశం బ్యారేజి దగ్గర బయలుదేరి బందరు వైపు, ఏలూరు వైపు పోయే నీళ్లు అవి. కింద ఊళ్లలో ఆ నీళ్లతో పొలం తడుపుకుంటారు, చెరువులు నింపుకొని తాగుతారు. మన షెడ్డు ముందరి మురుగు ఎక్కడో ఒకచోట నీటిలోనే కలుస్తుంది.

అదే సంస్థ వారి రెండవ లెక్క చూడండి. ఒక గ్యాలన్ పాత ఆయిల్ను శుద్ధి చేస్తే రెండున్నర క్వార్టుల కొత్త ఆయిల్ వస్తుంది. గ్యాలన్ అంటే నాలుగు క్వార్టులు. అంటే సగానికి పైనే తిరిగి వస్తున్నది. అదే రెండున్నర క్వార్టులు ముడి చమురు నుండి తీయాలంటే 42 గ్యాలన్ల ముడి చమురు కావాలి. ఆయిల్ అరిగిపోదు, మురికి పడుతుంది, అంతే. కడిగితే మళ్లీ ఆయిలే. కాని దానిలో థిన్నరు, బ్రేక్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు కలిపామంటే శుద్ధి చేసేవారు తీసుకోరు, తీసుకున్నా ధర ఇవ్వరు. కాబట్టి పాత ఆయిల్ డ్రమ్ము వేరే, దానికి మూత, కింద ట్రే. ఆయిల్ ఫిల్టరును వేడిగా ఉండగానే కన్నం పొడిచి రాత్రంతా బోర్లించి ఉంచితే దానిలోదీ దిగుతుంది. అప్పుడు ఆ ఫిల్టరు వట్టి ఇనుమే, కబాడీకి ఇచ్చుకోవచ్చు.

ఎవరికి అమ్మాలి? ఇక్కడ చట్టం వస్తుంది. భోపాల్ తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చినవి, ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటివి. వాడిన ఆయిల్, రంగు మడ్డి ప్రమాదకర వ్యర్థాల జాబితాలో ఉన్నవి. మామూలుగా 90 రోజులకు మించి నిలువ పెట్టుకోరాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి, ఇచ్చినట్టు కాగితం ఉండాలి. సైకిలు మీద క్యాను కట్టుకొని వచ్చేవాడు రెండు రూపాయలు ఎక్కువ ఇవ్వవచ్చు, కాగితం మాత్రం ఇవ్వడు. 2023లో ఒక సవరణ చేసి, 2024 ఏప్రిల్ 1 నుండి ఆయిల్ తయారుచేసి అమ్మే కంపెనీల మీద కూడా పాత ఆయిల్ తిరిగి శుద్ధికి చేర్పించే బాధ్యత పెట్టారు. కనుక మీకు ఆయిల్ అమ్మే డీలరును, "పాతది ఎవరు తీసుకుపోతారు?" అని అడగటం ఇప్పుడు మన హక్కు. రంగు మడ్డి వంటివి వేయడానికి పరవాడలో, హైదరాబాదు దగ్గర దుండిగల్లో ప్రత్యేక కేంద్రాలు ఉన్నవి. ఒక్క షెడ్డు అర డబ్బా మడ్డితో అక్కడిదాకా పోలేదు. ఇరవై షెడ్లు కలిస్తే పోవచ్చు. మేము సంఘం ముందు పెట్టదలచిన మాటకు కారణం ఇదే.

దుమ్ము, సీసం సంగతి తల్లులు, అక్కచెల్లెళ్లు వినవలసినది. బండ్లకు వేసే పసుపు, నారింజ, కొన్ని ఎరుపు రంగుల్లో సీసం కలిసిన పొడి వాడే ఆచారం ఎప్పటినుండో ఉన్నది. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎమ్ దాటరాదని 2016లో నిబంధన వచ్చింది గాని అది ఇంటి రంగులకే, బండి రంగులకు ఆ హద్దు లేదు. పాత లారీ మీది రంగు గీకినప్పుడు, గరుకు కాగితంతో పొడిగా రుద్దినప్పుడు ఆ దుమ్ము జుట్టులో, బట్టల మడతల్లో చేరుతుంది. సాయంత్రం అబ్బా ఇంటికి రాగానే పిల్ల పరుగెత్తి వెళ్లి ఎత్తుకోమంటుంది. బట్టలు ఉతికే ముందు మనవాళ్లు గుమ్మంలో దులుపుతారు. ఆ గుమ్మంలోనే పసివాడు పాకుతూ చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. సీసం పిల్లల మెదడు పెరుగుదలను దెబ్బ తీస్తుంది, ఇంత వరకు పరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. క్లాసులో ఎక్కం అప్పజెప్పలేని పిల్లవాడిని మొద్దు అని ఎన్నిసార్లు అన్నామో తలచుకుంటే మాకు ఇప్పుడు సిగ్గు వేస్తున్నది. వాళ్లలో ఎవరికి సీసం ఉన్నదో మేము చెప్పలేము. కాని ఆ మాట అనడం మానేశాము.

షెడ్డు బట్టలు షెడ్డులోనే విప్పి, చేతులు మొహం కడుక్కొని ఇంటికి రావడం, ఆ బట్టలను దులపకుండా తడిపి విడిగా ఉతకడం, ఇవి డబ్బు ఖర్చు లేని పనులు. రుద్దుడు పొడిగా కాకుండా వాటర్ పేపరుతో తడిగా చేయాలి. ఆ నీళ్లు తొట్టెలో పట్టి, అడుగున దిగిన బురదను తీసి మడ్డి డబ్బాలో వేయాలి. కంప్రెసర్ గాలితో బట్టలు, బ్రేకు డ్రమ్ములు ఊదుకోవడం వెంటనే ఆపాలి. బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే వీలు కలదు, తడి గుడ్డతో తుడవాలి. ఖాళీ థిన్నరు డబ్బాలను స్నానాల గదిలో నీళ్లకు వాడేవారున్నారు. కడిగాములే అంటారు. దయచేసి వాడవద్దు. ఆ డబ్బాలను కాల్చి రంగు వదిలించి అమ్మడం కూడా వద్దు, ఆ పొగ వీధి వీధంతా పీలుస్తుంది.

బ్యాటరీలను గురించి క్లుప్తంగా చెబుతాము, ఇందులో మన షెడ్ల కంటే మన పాత సామాను కొట్ల బాధ్యత ఎక్కువ. బ్యాటరీ బరువులో సగానికి పైగా సీసమే. అది దాదాపు మొత్తం తిరిగి పనికి వస్తుంది. కాని పెరట్లో గొడ్డలితో పగులగొట్టి, యాసిడ్ నేల మీద పోసి, మూకుడులో కరిగించే పద్ధతి ఉన్నదే, అది ఆ వాడలోని పిల్లలందరి మీదా పడుతుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు లేక అంతకు మించి ఉన్నదని 2020లో యునిసెఫ్ వారి నివేదిక చెప్పింది. దానికి పెద్ద కారణాల్లో ఒకటిగా ఈ బ్యాటరీ కరిగింపునే చూపించారు. పాతది డీలరుకు ఇచ్చి కొత్తదానిలో ధర తగ్గించుకోవడం మనకు అలవాటే. 2001 నిబంధనలు, తరువాత వచ్చిన 2022 నిబంధనలు కూడా పాత బ్యాటరీ తిరిగి కంపెనీకి చేరే దారినే పెట్టినవి. ఆ దారిలోనే పోనివ్వండి.

ఇప్పుడు మా మనవి. కార్యవర్గం ముందు మేము రెండు కోరికలు పెట్టాము. సావనీరు ప్రకటనల మీద మిగిలిన డబ్బుతో గాలి గొట్టం మాస్కులు రెండు కొని, సంఘం ఆఫీసులో ఉంచి, రెండు డబ్బాల రంగు కొట్టే చిన్న షెడ్లకు వంతుల మీద ఇవ్వాలి. చిన్న షెడ్లన్నిటికీ కలిపి ఒకచోట మూతలున్న డ్రమ్ములు పెట్టి, ఆయిల్ ఒకదానిలో, మడ్డి ఒకదానిలో చేర్చి, అనుమతి ఉన్నవారిని మూడు నెలల లోపుగా పిలిపించాలి. పెద్దలు ఒకరు అభ్యంతరం చెప్పారు. "ఇది షెడ్డు యజమానుల వ్యాపారం, సంఘం డబ్బు వితంతువులకు, పిల్లల చదువులకు" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉన్నది, మేము కాదనటం లేదు. పెద్ద షెడ్ల వారు తమ ఖర్చు తామే పెట్టుకోవాలి. కాని మన చిన్న షెడ్లలో యజమాని, మేస్త్రీ, పనివాడు అంతా ఒక్కడే. వాడు ఏడవ మెట్టు మీద ఆగిపోయిన తరువాత అతని ఇంటికి మనము బియ్యం బస్తా పట్టుకొని పోయే కంటే, ముందుగా మాస్కు పట్టుకొని పోవడం మేలు కదా అని మా ఉద్దేశము. కార్యవర్గం వారు వచ్చే సమావేశంలో తేలుస్తామన్నారు. ఎంతమంది షెడ్ల వారు ముందుకు వస్తారో చూసి నిర్ణయిస్తామన్నారు.

అందుకని బయట టీ బల్ల పక్కన ఒక రిజిస్టరు పెట్టాము. షెడ్డు పేరు, నెలకు ఎన్ని లీటర్ల పాత ఆయిల్, ఎన్ని డబ్బాల మడ్డి, రెండు డబ్బాల రంగు కొడతారా లేదా, ఈ నాలుగు గడులు. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా సరే. మొదటి పేరు మా అన్నగారు పని చేసిన షెడ్డు యజమానిది, ఆయన నిన్న సాయంత్రమే వచ్చి రాసిపోయారు. రెండవ గడిలో లీటర్ల అంకె కొట్టివేసి మళ్లీ ఎక్కువ చేసి రాశారు. పెన్నును దారంతో కట్టి ఉంచాము, దయచేసి జేబులో వేసుకొని పోవద్దు.